పిరమిడ్లు, కర్నాక్, అస్వాన్: అంత రాయిని ఎలా లేపారు, ఎవరు లేపారు?

సందేహాలరావు | శనివారం ఉదయం 9:40

అందరికీ నమస్కారం. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మా బావమరిది రోజుకో వీడియో వదులుతాడు. ఈ వారం ఈజిప్టు మీద పడ్డాడు. "ఇప్పుడున్న క్రేన్లతో కూడా కట్టలేరు, అప్పట్లో మనుషులు కట్టారంటే నమ్మేదెవరు" అంటాడు. ఇంకోపక్క మా అమ్మాయి లక్షమంది బానిసల్ని కొరడాలతో కొట్టి కట్టించారని నోట్సు రాసుకొచ్చింది. నాకు రెండూ మింగుడు పడలేదు. అంత బరువు పైకెలా వెళ్లింది? మోసింది ఎవరు? లింకులు పడేసి వెళ్లిపోకుండా మీ మాటల్లో చెప్పండి. ఎంత పొడుగైనా చదువుతాను.

సైటింజనీరు | శనివారం ఉదయం 10:25

ముందు లెక్క చూద్దాం, తర్వాత మిస్టరీ సంగతి.

గీజాలో ఖుఫు అనే రాజు పిరమిడ్ క్రీ.పూ. 26వ శతాబ్దం నాటిది. అడుగున ఒక్కో వైపు 230 మీటర్లు, కట్టిన రోజున ఎత్తు 146 మీటర్లు. రాళ్లు సుమారు 23 లక్షలని అంచనా, సగటున ఒక్కోటి రెండున్నర టన్నులు. పని 27 ఏళ్లు సాగిందనుకుంటే రోజుకు 230 పైచిలుకు రాళ్లు. రోజుకు పది గంటల పని అంటే రెండున్నర నిమిషాలకో రాయి. వినగానే గుండె గుభేలుమంటుంది. కానీ ఇది ఒకే దారిన, ఒకే ముఠా చేసిన పని కాదు. పది ముఠాలు పది చోట్ల లాగుతుంటే ఒక్కో ముఠాకి రాయికి దాదాపు అరగంట దొరికింది.

ఈ వీడియోల వాళ్లు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. పిరమిడ్‌లో సరుకంతా కిందే ఉంటుంది. ఎత్తులో మూడో వంతు లేచేసరికి మొత్తం రాతిలో 70 శాతం పని అయిపోతుంది. సగం ఎత్తుకి 87 శాతం. చివరి 30 మీటర్లలో ఉన్నది ఒక్క శాతం కూడా కాదు. "146 మీటర్ల ఎత్తుకు 23 లక్షల రాళ్లు లేపారు" అన్న వాక్యమే తప్పు. ఎక్కువ రాళ్లు 50 మీటర్లు దాటి పైకి వెళ్లనే లేదు.

రాళ్లు కూడా ఎక్కడినుంచో రాలేదు. లోపలి రాయిలో ఎక్కువ భాగం పిరమిడ్‌కి దక్షిణాన, పక్కనే ఉన్న క్వారీలో కొట్టిన సున్నపురాయి. ఆ గొయ్యి ఇప్పటికీ కనిపిస్తుంది. దూరం నుంచి వచ్చినవి రెండే రకాలు: పైన తొడుగుకి నైలు అవతలి ఒడ్డున తూరా నుంచి తెల్లటి సున్నపురాయి, లోపలి గదికి అస్వాన్ నుంచి గ్రానైట్.

మర్మవేది | శనివారం ఉదయం 11:02

బరువుల సంగతి సరే సర్. ఆ ఖచ్చితత్వం మాటేంటి? నాలుగు భుజాలూ అసలు ఉత్తర దిక్కుకి డిగ్రీలో పదిహేనో వంతు తేడాతో ఉన్నాయి. దిక్సూచి లేదు. అడుగు మట్టం 230 మీటర్ల పొడవునా రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ. ఇప్పుడు మా కాలనీలో కట్టే అపార్టుమెంటుకే అంత మట్టం రావట్లేదు. నేను గ్రహాంతరవాసులు అనట్లేదు, నవ్వకండి. మనం పోగొట్టుకున్న టెక్నాలజీ ఏదో ఉందంటున్నాను.

సైటింజనీరు | శనివారం ఉదయం 11:30

@మర్మవేది, మీ కాలనీ బిల్డర్‌ని ఖుఫు దగ్గర పనికి పెడితే మట్టం దానంతటదే వచ్చేది :)

ఉత్తరం పట్టుకోవడానికి దిక్సూచి అక్కర్లేదు, పైగా దిక్సూచి చూపేది అయస్కాంత ఉత్తరం. ధ్రువం చుట్టూ తిరిగే నక్షత్రాల్ని గురిచూసి పట్టారా, నిలబెట్టిన కర్ర నీడతో పట్టారా అన్నదాని మీద పండితుల మధ్య తగాదా ఉంది. రెండు పద్ధతులతోనూ ఆ మాత్రం ఖచ్చితత్వం వస్తుంది. మట్టం విషయానికొస్తే, ఆ తర్వాత వెయ్యేళ్లకి పైబడిన కాలంలో దేర్ ఎల్ మెదీనా అనే పనివాళ్ల ఊళ్లో సెన్నెజెమ్ అనేవాడి సమాధి దొరికింది. రాజుల సమాధులు తొలిచే పనివాడు. అందులో అతని పనిముట్లున్నాయి: మూలమట్టం, తూకం గుండు, 'ఏ' అక్షరం ఆకారంలో చెక్క చట్రానికి దారంతో గుండు వేలాడదీసిన మట్టం. మన మేస్త్రీ దగ్గర రసమట్టం రాకముందు ఉన్న సామానే. ఓపిగ్గా, పదిసార్లు సరిచూసుకుంటూ పోతే ఆ చట్రంతోనే రెండు సెంటీమీటర్లు సాధించొచ్చు. వాళ్ల దగ్గర ఉన్నదీ, మన దగ్గర లేనిదీ ఆ పదిసార్లు సరిచూసే తీరిక.

టీచరమ్మ | శనివారం మధ్యాహ్నం 1:15

ఏడు వింతల్లో ఒకటని చెప్పి ఖుఫు పిరమిడ్ ఒక్కదాన్నే చూపించడం వల్లే ఈ తంటా అంతా. అది ఆకాశం నుంచి ఊడిపడలేదు. దాని ముందు దాదాపు వందేళ్ల తప్పొప్పులున్నాయి, అవన్నీ ఇప్పటికీ ఎడారిలో నిలబడే ఉన్నాయి.

మొదటిది సక్కారాలో జోసర్ రాజు మెట్ల పిరమిడ్. దాన్ని కట్టించిన ఘనత ఇమ్‌హోటెప్‌ది. మొదట బల్లపరుపు సమాధిగానే మొదలుపెట్టారు. దాన్ని వెడల్పు చేశారు, మళ్లీ చేశారు, తర్వాత దాని మీద నాలుగు అంతస్తులు, చివరికి ఆరు. ఎత్తు 60 మీటర్లు దాటింది. దగ్గరికెళ్లి చూస్తే రాళ్లు చిన్నచిన్నవి. మట్టి ఇటుకతో కట్టడం అలవాటైన చేతులు మొదటిసారి రాయి పట్టుకున్నాయి కాబట్టి, రాతిని కూడా ఇటుకలాగే కోసుకున్నారు. చుట్టూ ఉన్న స్తంభాలు కూడా విడిగా నిలబడవు, గోడకి అతుక్కుని ఉంటాయి. రాతి స్తంభం ఒంటరిగా బరువు మోస్తుందన్న నమ్మకం వాళ్లకి ఇంకా కుదరలేదు.

తర్వాత ఖుఫు తండ్రి స్నెఫెరు. నా దృష్టిలో అసలు కథానాయకుడు ఈయనే. ఈయన పేరు మీద మూడు పెద్ద పిరమిడ్లున్నాయి. మేడూమ్‌లోది పైతొడుగు జారిపోయి ఇప్పుడు మధ్యలో బురుజులా నిలబడి ఉంది. దహ్‌షూర్‌లో రెండోది 54 డిగ్రీల వాలుతో లేపుతుంటే అడుగునేల కుంగి లోపలి గదుల్లో పగుళ్లు వచ్చాయి. పై గదిలో గోడలు దగ్గరికి రాకుండా అడ్డం పెట్టిన దేవదారు దూలాలు నేటికీ ఉన్నాయి. సగంలో వాలు 43 డిగ్రీలకి తగ్గించి గబగబా ముగించారు. అందుకే దాన్ని వంగిన పిరమిడ్ అంటారు. మూడోది ఎర్ర పిరమిడ్, మొదటినుంచీ 43 డిగ్రీలే. అంతకుముందు రాళ్లని లోపలికి ఒరిగేట్టు పేర్చేవారు, ఇందులో వరసల్ని చదునుగా వేశారు. అది నిలబడింది. ఆ మూడింటి రాయి కలిపితే ఖుఫు పిరమిడ్ కంటే ఎక్కువ.

ఖుఫు దగ్గరికి వచ్చేసరికి నేల ఎంచుకోవడం కూడా తెలిసిపోయింది. గీజా గట్టి సున్నపురాతి పీఠభూమి. మర్మవేది గారూ, పోగొట్టుకున్న టెక్నాలజీ ఉన్నవాళ్లకి సగంలో వాలు మార్చుకోవాల్సిన ఖర్మ ఎందుకు పడుతుంది చెప్పండి?

మర్మవేది | శనివారం మధ్యాహ్నం 2:05

వంగిన పిరమిడ్ మాట బాగుంది టీచర్ గారూ, ఒప్పుకుంటాను. కానీ సున్నపురాయి మెత్తన. గ్రానైట్‌కి ఏం చెబుతారు? ఖుఫు గది కప్పులో 50 టన్నులు దాటిన దూలాలున్నాయంటారు. ఇనుము లేని కాలం. రాగి ఉలితో గ్రానైట్ కొడితే వంగేది ఉలే.

నల్లరాయి | శనివారం రాత్రి 8:50

నాది చీమకుర్తి. గ్రానైట్ క్వారీలో పని. చరిత్ర పెద్దగా తెలీదు గానీ రాయి తెలుసు. డ్యూటీ దిగి ఇప్పుడే ఇదంతా చదివాను.

మర్మవేది అన్నా, మీరన్నది కరెక్టే, రాగి ఉలితో గ్రానైట్‌ని చెక్కలేరు. వాళ్లు అలా చెక్కలేదు కూడా. అస్వాన్‌లో సగంలో వదిలేసిన ఒబెలిస్కు (ఒకే రాతితో చెక్కే ఎత్తైన నాలుగు పలకల స్తంభం) ఒకటుంది. పొడవు సుమారు 42 మీటర్లు, లేపి ఉంటే వెయ్యి టన్నుల పైమాటే. రాతిలో పగులు బయటపడటంతో వదిలేశారు. దాన్ని చిన్నది చేసి వాడుకుందామని కూడా గీతలు గీసుకుని చూశారట, కుదరలేదు. నేను దాని ఫొటోలు బాగా పెద్దవి చేసి చూశాను. చుట్టూ మనిషి కూర్చుని పనిచేసేంత కందకం ఉంటుంది. ఆ కందకం గోడల నిండా వరసగా గుంటలు గుంటలుగా ఉంటాయి, గరిటెతో తవ్వినట్టు. ఉలి దెబ్బ అలా పడదు. గట్టి రాతి గుండుతో ఒకేచోట దంచితేనే అలా నున్నటి గుంట పడుతుంది. ఆ గుండ్లు డోలరైట్ రాయివి, రెండు చేతులతో ఎత్తి దించేంతవి, ఇప్పటికీ అక్కడ దొరుకుతున్నాయి. గ్రానైట్ ముక్కలుగా రాదు, పిండిగా రాలుతుంది. 1920ల్లో ఎంగెల్‌బాక్ అనే ఆయన స్వయంగా దంచి చూశాడు, గంటకి కొద్ది మిల్లీమీటర్లే దిగింది. విసుగు పుట్టే పని, అంతే గానీ మాయ కాదు.

మా దగ్గర ఇప్పుడు వజ్రపు పూసలున్న వైరుతో నీళ్లు పోస్తూ కోస్తాం. అందులోనూ కోసేది వైరు కాదు, పూసలు. వాళ్ల రాగి రంపానికీ అదే సూత్రం. రాగి పట్టీ కింద ఇసుక పోసి ముందుకీ వెనక్కీ లాగితే ఇసుకలోని క్వార్ట్జ్ రాయిని అరగదీస్తుంది. రాగీ అరుగుతుంది, అందుకే వాళ్లకి అంత రాగి కావాల్సి వచ్చింది. ఖుఫు శవపేటిక గ్రానైట్‌దే. దాని మీద రంపం దారి తప్పి లోపలికి దిగితే మళ్లీ వెనక్కి తీసి కొత్తగా మొదలెట్టిన గుర్తులున్నాయని 19వ శతాబ్దంలోనే పెట్రీ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు రాశాడు. ఆ తప్పుకోత చూస్తే నాకు వాళ్లు మావాళ్లే అనిపిస్తుంది. మా సూపర్‌వైజరు చూసుంటే తిట్లు తప్పేవి కావు.

మర్మవేది | శనివారం రాత్రి 9:20

నల్లరాయి బ్రదర్, మరి చెక్క మేకులు దిగ్గొట్టి నీళ్లు పోస్తే ఉబ్బి రాయి చీలుతుందని చిన్నప్పుడు చదివానే?

నల్లరాయి | శనివారం రాత్రి 9:35

ఆ కథ చాలాచోట్ల ఉంది. అస్వాన్‌లో మేకుల కోసం కొట్టిన గాడులు ఉన్న మాట నిజమే, కానీ వాటిలో ఎక్కువ భాగం చాలా తర్వాతివి, ఇనప మేకులు వచ్చాక కొట్టినవి అంటున్నారు. ఒబెలిస్కు కాలం వాళ్లది మాత్రం దంచుడే. కందకంలో ఎర్ర రంగుతో గీసిన కొలత గీతలు కూడా ఉన్నాయి. ఎవడు ఎంత లోతు దించాడో పైవాడు వచ్చి కొలిచేవాడన్నమాట. ఆ సంగతి మాత్రం మాకు ఇప్పటికీ మారలేదు.

ఏటిగట్టు | ఆదివారం ఉదయం 7:10

ఇంతసేపూ రాయి గురించే మాట్లాడారు, నీళ్ల గురించి ఎవరూ ఎత్తలేదు. నాకు అసలు వింత అక్కడే కనిపిస్తుంది.

2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ అనేచోట పియర్ టాలే అనే ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞుడి బృందానికి పపైరస్ (రెల్లుతో చేసిన కాగితం) ముక్కలు దొరికాయి. రాత ఉన్న పపైరస్‌లలో ఇప్పటిదాకా దొరికినవాటిలో అవే పాతవి. సాక్షాత్తూ ఖుఫు కాలంవి. అందులో మెరెర్ అనే అధికారి డైరీ ఉంది. అతని కింద 40 మంది దాకా మనుషులు, ఒక పడవ. పని ఏంటంటే తూరా క్వారీ నుంచి తెల్లరాయి ఎక్కించుకుని నైలు దాటి గీజా చేరడం. పది రోజుల్లో రెండు మూడు ట్రిప్పులు. రోజువారీ ఎంట్రీలు: ఫలానా రోజు తూరాలో రాయి ఎక్కించాం, ఫలానా రోజు బయల్దేరాం, రాత్రి ఖుఫు చెరువు దగ్గర ఆగాం, పొద్దున్నే ఖుఫు పిరమిడ్ దగ్గరికి చేరాం. పొగడ్తలు లేవు, దేవుళ్ల కథలు లేవు. లారీ డ్రైవరు లాగ్‌బుక్కు చదువుతున్నట్టే ఉంటుంది. పైన బాధ్యత చూసింది అంఖ్‌హాఫ్, ఖుఫుకి సవతి సోదరుడు. అతని పేరు కూడా అందులో ఉంది.

వరద కాలంలోనే ఈ రవాణా ఎక్కువ. నైలు పొంగినప్పుడు కాలువలు తవ్వి నీటిని పీఠభూమి అంచు దాకా తెచ్చుకున్నారు. పడవ నేరుగా పని జరిగే చోటుకి కింద దాకా వచ్చేది. అప్పట్లో పిరమిడ్ల పక్కనుంచే నైలు పాయ ఒకటి పారేదని మట్టి నమూనాల్లో తేలింది. 2024లో ఆ పాయ పొడవు సుమారు 64 కిలోమీటర్లని ఒక బృందం ప్రకటించింది. అస్వాన్ గ్రానైట్ కూడా అలాగే 800 కిలోమీటర్ల పైన నది మీదే వచ్చింది. నది లేకుండా పిరమిడ్ లేదు. ర్యాంపుల గురించి కొట్టుకునేవాళ్లు రేవుల గురించి కూడా కాస్త కొట్టుకుంటే బాగుండు.

సందేహాలరావు | ఆదివారం ఉదయం 8:00

అబ్బ, మెరెర్ డైరీ సంగతి నాకు అస్సలు తెలీదు! అంటే పడవ మీద జీతగాళ్లు, అధికారులు, రికార్డులు. మరి బానిసలు కారన్నమాటేనా? గీజాలో పనివాళ్లకి రోజూ మాంసం, రొట్టెలు, బీరు పెట్టేవాళ్లని, గౌరవంగా సమాధులు కూడా కట్టారని ఎక్కడో విన్నాను. మా అమ్మాయికి అదే చెప్పేస్తా.

టీచరమ్మ | ఆదివారం ఉదయం 9:45

ఆగండాగండి రావుగారూ, అంత తొందరగా చెప్పేయకండి.

లక్షమంది అన్న మాట గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాసింది. ఆయన పిరమిడ్ కట్టిన రెండువేల ఏళ్ల తర్వాత వెళ్లి అక్కడివాళ్లు చెప్పింది రాసుకున్నాడు. అందులోనూ కొరడాలూ బానిసలూ అన్న బొమ్మ తర్వాతివాళ్లు గీసుకున్నదే. సింహిక (స్ఫింక్స్) విగ్రహానికి దక్షిణాన మార్క్ లెహ్నర్ బృందం తవ్విన పనివాళ్ల పట్నంలో బేకరీలు, పెద్ద మట్టి రొట్టె అచ్చులు, వరసగా పడుకోడానికి కట్టిన పొడవాటి హాళ్లు, గుట్టలకొద్దీ పశువుల ఎముకలు దొరికాయి. అది ఎక్కువగా ఖుఫు తర్వాతి రాజులు ఖఫ్రే, మెంకౌరే కాలం నాటిది. పనిచేసినవాళ్లు ఒక వేళకి 20, 25 వేలు ఉండొచ్చని లెహ్నర్ లెక్క. 1990లో ఒక గుర్రం కాలు మట్టి గోడకి తగిలి తూలడంతో పక్కనే పనివాళ్ల శ్మశానం బయటపడింది. ఈజిప్టు పురావస్తు శాస్త్రజ్ఞుడు జాహీ హవాస్ తవ్వించారు. విరిగి సరిగ్గా అతుక్కున్న ఎముకలున్నాయి, అంటే కట్టు కట్టిన వైద్యులున్నారు. పిరమిడ్ నీడలో సమాధి అంటే చిన్న గౌరవం కాదు.

ముఠాలకి పేర్లు కూడా ఉన్నాయి. ఖుఫు పిరమిడ్‌లో రాజు గది పైనున్న చిన్న అరల్లో ఎర్ర రంగుతో రాసిన "ఖుఫు మిత్రులు", ఇంకోచోట "మెంకౌరే తాగుబోతులు". ఆ రాతలు నకిలీవనే పుకారు ఉంది గానీ, కొన్ని అక్షరాలు పక్క రాయి వెనక్కి, చేయి దూరని సందులోకి పోతాయి. పేర్చకముందే రాస్తే తప్ప అలా ఉండవు.

ఇదంతా నిజమే. కానీ ఇష్టపడి వచ్చారా అంటే, అది వేరే ప్రశ్న.

ఎర్రమట్టి | ఆదివారం ఉదయం 10:30

టీచర్ గారు మెత్తగా చెప్పారు, నేను కాస్త గట్టిగా చెబుతా. "బానిసలు కాదు, సంతోషంగా పనిచేసిన జనం" అన్నది టూరిజం బ్రోచరు మాట. సంతలో కొనితెచ్చిన బానిసలు కాకపోవచ్చు. కానీ రాజు పిలిస్తే ఊరికి ఇంతమంది చొప్పున వెళ్లి తీరాల్సిందే. దాన్ని మనం వెట్టి అంటాం. గుడి పూజారుల్ని వెట్టికి పట్టుకెళ్లొద్దని పిరమిడ్ల కాలపు రాజులే రాతి శాసనాలు వేశారు. పట్టుకెళ్లడం అనేది లేకపోతే మినహాయింపు ఎందుకు?

అంతకంటే పెద్ద సాక్ష్యం సమాధుల్లో పెట్టిన చిన్న బొమ్మలు, షబ్తీలు. చచ్చాక కూడా పనికి పిలుపు వస్తుందని వాళ్ల భయం. తూర్పు నుంచి పడమరకు ఇసుక మోయమని పిలిస్తే "నేనున్నాను" అని నా బదులు నువ్వు పలకాలి అని ఆ బొమ్మ మీద మంత్రం రాసి పాతేవాళ్లు. చావు కూడా తప్పించలేని వెట్టి అది. ఇష్టంగా చేసే పనికి బొమ్మని పంపుతామా?

ఇంకా కావాలంటే రామ్‌సెస్ IV తన పాలన మూడో ఏట వాదీ హమ్మామాత్ అనే ఎడారి లోయకి రాయి కోసం పంపిన దండు. మొత్తం 8,368 మంది. చచ్చిపోయిన 900 మందిని శాసనంలోనే విడిగా లెక్కేశారు. సిగ్గుపడి దాచలేదు, ఖర్చు పద్దులా రాసుకున్నారు. అమర్నాలో అఖెనాటెన్ అనే రాజు కొత్త రాజధాని కట్టినప్పటి ఒక శ్మశానం తవ్వితే అందులో ఎక్కువమంది 7 నుంచి 25 ఏళ్ల లోపువాళ్లే. పిల్లల వెన్నెముకల మీద బరువు మోసిన గాయాలు. గొప్ప వాస్తుశిల్పం అంటూ చప్పట్లు కొట్టేటప్పుడు ఇవి కూడా చెప్పాలి.

నిర్వాహకుడు | ఆదివారం ఉదయం 11:00

చర్చ బాగుంది. ఇప్పటి రాజకీయాల్లోకి దింపకండి, ఒక కామెంటు తీసేశాను. ఎర్రమట్టి గారి పోస్టులో అలాంటిదేమీ లేదు, అది అలాగే ఉంటుంది.

టీచరమ్మ | ఆదివారం మధ్యాహ్నం 12:20

@ఎర్రమట్టి, షబ్తీల ఉదాహరణతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఒక్కటే కలుపుతాను. ఈజిప్టు అంటే మూడువేల ఏళ్లు. గీజాలో ఎద్దుమాంసం తిన్న ముఠా, అమర్నాలో నడుం విరిగిన పిల్లవాడు, హమ్మామాత్ ఎడారిలో చచ్చినవాడు, వీళ్లు ఒకే కాలం మనుషులు కారు. పెద్ద పిరమిడ్‌కీ అమర్నాకీ మధ్యే పన్నెండు వందల ఏళ్లు. అందరికీ కలిపి ఒకే జవాబు కుదరదు.

పనివాళ్లకి నోరు లేదన్నది కూడా నిజం కాదు. రామ్‌సెస్ III పాలన 29వ ఏట, క్రీ.పూ. 12వ శతాబ్దంలో, దేర్ ఎల్ మెదీనా పనివాళ్లకి ధాన్యం రేషన్ ఆగిపోయింది. జీతమంటే వాళ్లకి ధాన్యమే. పనిముట్లు పడేసి గోడలు దాటి వెళ్లి ఒక గుడి వెనక బైఠాయించారు. ఆకలితో దప్పికతో వచ్చాం, బట్టల్లేవు, నూనె లేదు, చేపల్లేవు, కూరగాయల్లేవు, ఫారోకి చెప్పండి అని అధికారులకి రాయించారు. ఆ పపైరస్ ఇటలీలోని టురిన్‌లో ఉంది. లిఖితంగా దొరికిన సమ్మెల్లో మొదటిది అదేనంటారు. పాత బకాయి రాబట్టుకునే దాకా కదల్లేదు. అయితే వీళ్లు చదువూ పనితనమూ ఉన్న నిపుణులు. వెట్టికి వచ్చిన పల్లెటూరి మనిషికి అంత ధైర్యం ఉండేదా అంటే అనుమానమే.

సందేహాలరావు | ఆదివారం మధ్యాహ్నం 12:50

అమ్మాయి నోట్సులో "వెట్టి, కానీ కూలి గింజలు ఇచ్చి" అని రాయించాను. మార్కులు వస్తాయో రావో తెలీదు. ఇప్పుడు ర్యాంపుల సంగతి తేల్చండి. నేరుగా పై దాకా వాలు కడితే ఆ వాలే పిరమిడ్ అంత అవుతుందని వీడియోలో చెప్పాడు.

సైటింజనీరు | ఆదివారం మధ్యాహ్నం 2:40

ఆ మాట సగం నిజం. పదికి ఒకటి వాలుతో శిఖరం దాకా కట్టాలంటే దాదాపు కిలోమీటరున్నర పొడవు కావాలి. అలా ఎవరూ కట్టి ఉండరు. నేను ముందే చెప్పినట్టు, మూడో వంతు ఎత్తు దాకా క్వారీ వైపు నుంచి నేరు వాలు చాలు, 70 శాతం పని అయిపోతుంది. ఆ పైన గోడల్ని ఒరుసుకుంటూ చుట్టూ తిప్పిన వాలో, మూలల దగ్గర మీటలతో ఎత్తడమో. లోపలే సొరంగంలా చుట్టు వాలు ఉందన్న ఊడాన్ అనే ఫ్రెంచి ఆర్కిటెక్టు సిద్ధాంతానికి ఇంతవరకూ రుజువు దొరకలేదు. ఆకాశం నుంచి పడి రాతిలోంచి దూసుకుపోయే మ్యువాన్ కణాలతో చూసి 2017లో పెద్ద ఖాళీ ఒకటి, కనీసం 30 మీటర్ల పొడవున, కనిపెట్టారు. 2023లో ఉత్తరం ముఖం వెనక 9 మీటర్ల నడవ ఒకటి నిర్ధారించారు. ఆ పెద్ద ఖాళీ వాలు కోసమా, బరువు తగ్గించడానికా అన్నది తేలలేదు.

నాకు నచ్చిన సాక్ష్యం 2018లో హత్నూబ్ అనేచోట అలబాస్టర్ (పాలరాయి లాంటి మెత్తని రాయి) క్వారీలో బయటపడ్డ వాలు. 20 శాతం దాటిన నిటారు. మధ్యలో బండి వెళ్లే దారి, రెండు పక్కలా మెట్లు, మెట్ల పక్కన గుంజలు పాతిన గుంటలు. ఖుఫు కాలం నాటిది. మోకు గుంజకి చుట్టి లాగితే కొందరు పైనుంచి కిందికి దిగుతూ కూడా లాగొచ్చు, బండి వెనక్కి జారదు. అంత నిటారు వాలు సాధ్యమైతే ర్యాంపు పొడవు సగానికి సగం పడిపోతుంది.

ఇంకోటి. మధ్య రాజ్యకాలపు (క్రీ.పూ. 2000 తర్వాతి) జెహూతిహోతెప్ అనే అధికారి సమాధిలో ఒక బొమ్మ ఉంది. 172 మంది నాలుగు వరసల్లో ఒక పెద్ద విగ్రహాన్ని చెక్కబండి మీద లాగుతుంటారు. బండి ముందు భాగం మీద ఒకడు నిలబడి నేల మీద నీళ్లు పోస్తుంటాడు. చాలాకాలం అది పూజ అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంవాళ్లు ఇసుక మీద బండి లాగి చూశారు. పొడి ఇసుక బండి ముందు కుప్పపడి ఆపేస్తుంది. సరిగ్గా తడిపితే లాగే బలం సగానికి తగ్గింది. మరీ ఎక్కువ తడిపితే మళ్లీ కష్టమే. అంటే ఆ నీళ్లు పోసేవాడు ముఠా మొత్తంలో పనితనం తెలిసినవాడు.

కువైట్_శీను | ఆదివారం రాత్రి 10:15

నేను కువైట్ నుంచి ఇంటికొచ్చే దారిలో ఈజిప్టులో దిగి చూసొచ్చినవాణ్ణి. ర్యాంపుల గురించి ఇంత గొడవ పడుతున్నారు, కళ్లారా చూడాలంటే లక్సర్‌లో కర్నాక్ గుడికి వెళ్లండి సార్. మొదటి గోపురం లోపలి వైపు, కుడిచేతి పక్కన, మట్టి ఇటుకల గుట్ట ఒకటి గోడకి ఆనుకుని ఉంటుంది. అందరూ దాన్ని దాటుకుని స్తంభాల హాలుకి పరిగెడతారు. నేనూ పరిగెత్తేవాణ్ణే, గైడు ఆపి చూపించాడు. అది కట్టుబడి వాలు! గోపురం పూర్తి కాలేదు కాబట్టి వాలు తీసేయలేదు. రాళ్ల మొహాలు కూడా అక్కడ చెక్కకుండా గరుకుగా, ఉబ్బుగా వదిలేసి ఉన్నాయి. పక్కనున్న స్తంభాల్లో ఒకదాని దిమ్మెలు నున్నగా చేయకుండా అలాగే ఉన్నాయి. అంటే ముందు పేర్చేసి, తర్వాత పైనుంచి కిందికి వాలు తీసేస్తూ చెక్కుకుంటూ దిగేవాళ్లు.

ఇక ఆ హాలు... 134 స్తంభాలు. మధ్యలోవి పన్నెండు, 20 మీటర్ల పైనే. మెడ నొప్పి పుట్టింది. రాజు సేతి I, కొడుకు రామ్‌సెస్ II కలిసి చెక్కించారట. గైడు చెప్పింది: తండ్రి వైపు బొమ్మలు రాతిలోంచి పైకి ఉబికి ఉంటాయి, కొడుకు వైపు లోతుగా చెక్కేశారు. లోతుగా అయితే పని తొందరగా అవుతుందని, పేరు ఎవడూ చెరపలేడని. రెండు చోట్లా చెయ్యి పెట్టబోతే వాచ్‌మన్ అరిచాడు, కళ్లతోనే చూశాను. తేడా బాగా తెలుస్తుంది.

సైటింజనీరు | ఆదివారం రాత్రి 10:50

శీను, అది పూర్తికాని గోపురం కావడమే మన అదృష్టం! 30వ రాజవంశం (క్రీ.పూ. 4వ శతాబ్దం) నాటిది, అంటే పిరమిడ్ల తర్వాత రెండువేల ఏళ్లకి కూడా వాళ్లది అదే పద్ధతి.

వాళ్లు వాలు లెక్కలు కాగితం మీద వేసేవాళ్లని కూడా రుజువుంది. రామ్‌సెస్‌ల కాలంలో ఒక గుమాస్తా ఇంకో గుమాస్తాని వెక్కిరిస్తూ రాసిన ఉత్తరం ఉంది, పపైరస్ అనస్తాసీ I అంటారు. "730 మూరల పొడవు, 55 మూరల వెడల్పు, రెల్లుతో దూలాలతో నింపిన 120 అరలు, 60 మూరల ఎత్తుతో వాలు కట్టాలి, ఎన్ని ఇటుకలు కావాలో చెప్పు చూద్దాం" అని సవాలు. వాళ్ల మూర సుమారు 52 సెంటీమీటర్లు. అంటే 380 మీటర్ల పొడవు, 31 మీటర్ల ఎత్తు, ఎనిమిది శాతం వాలు. లోపల అంతా ఇటుక కాకుండా అరలు చేసి రెల్లు నింపడం చూడండి, సరుకు ఆదా. ఇది చదివి మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్లకి ఇదే లెక్క ఇచ్చాను. క్యాలిక్యులేటర్ ఉండి కూడా తలోరకం జవాబు తెచ్చారు.

మర్మవేది | సోమవారం ఉదయం 6:55

సరే, గ్రానైట్ విషయంలో నల్లరాయి, వాలు విషయంలో శీను నన్ను చాలావరకు ఒప్పించారు. చివరిగా ఒకటి. ఇంత తెలిసినవాళ్లు తర్వాత ఎందుకు కట్టడం మానేశారు? తర్వాతి పిరమిడ్లు చూస్తే మట్టిదిబ్బలు. తెలివి పోయిందనేగా అర్థం?

ఏటిగట్టు | సోమవారం ఉదయం 7:30

తెలివి ఎక్కడికీ పోలేదు. మధ్య రాజ్యకాలంలో సెనుస్రెట్ II లాహూన్‌లో, అమెనెంహాత్ III హవారాలో కట్టించినవి లోపల మట్టి ఇటుక, పైన సున్నపురాతి తొడుగు. కట్టిన రోజున బయటికి గీజాలాగే మెరిసి ఉంటాయి, ఖర్చు మాత్రం చాలా తక్కువ. తర్వాతివాళ్లు తొడుగు ఊడదీసుకుపోయారు, లోపలి ఇటుక వానకీ గాలికీ కరిగింది. గీజా తొడుగు కూడా మధ్యయుగాల్లో కైరో కట్టడాలకి పోయింది. లోపల రాయి కాబట్టి అది నిలబడింది.

ఆ తర్వాత రాజులు సమాధిని కొండలో దాచుకుని, డబ్బంతా గుళ్ల మీద పెట్టారు. పద్ధతులు కూడా కాలాన్ని బట్టి మారాయి. అఖెనాటెన్ తొందర మనిషి. ఒక మనిషి భుజాన మోయగల చిన్న రాళ్లే, మూరెడు పొడవువి, వేలకి వేలు కోయించి కొన్నేళ్లలో గుళ్లు లేపేశాడు. తలాతాత్ అంటారు. అంత తేలిగ్గా కట్టినవి అంతే తేలిగ్గా విప్పేశారు. తర్వాత వచ్చిన రాజు హోరెంహెబ్ వాటిని కర్నాక్ గోపురాల పొట్టలో నింపేశాడు. ఇప్పుడు ఆ గోపురాలు మరమ్మతు చేస్తుంటే పదివేలకొద్దీ బయటికొస్తున్నాయి, మీద రంగులతో సహా. చెరిపేద్దామని దాచినవే అఖెనాటెన్ గుళ్లలో బాగా మిగిలాయి.

సందేహాలరావు | సోమవారం రాత్రి 9:05

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. మా ఆవిడ కూడా కూర్చుని మొత్తం చదివింది, ఇప్పుడు చూడ్డానికి వెళ్దామంటోంది, అది వేరే టెన్షన్ :) శీను గారూ, కైరోలో మాకు రెండు రోజులే కుదురుతుంది. ఏం చూడాలి?

కువైట్_శీను | సోమవారం రాత్రి 11:20

అన్నా, అందరూ గీజాతో మొదలుపెడతారు, మీరు సక్కారా, దహ్‌షూర్‌తో మొదలుపెట్టండి. రెండూ ఒకే రోజులో అయిపోతాయి, కారు మాట్లాడుకోండి. టీచరమ్మ గారు చెప్పిన వరసలోనే జోసర్, వంగినది, ఎర్రది చూసి మర్నాడు గీజా వెళ్తే ఖుఫు పిరమిడ్ అర్థమవుతుంది. వంగిన పిరమిడ్ లోపలికి 2019 నుంచి వదులుతున్నారు. దారి ఇరుకు, వంగుని పొడుగ్గా దిగాలి, మోకాళ్ల నొప్పులుంటే వద్దు. ఎర్ర పిరమిడ్ లోపల గది కప్పు మెట్లు మెట్లుగా లోపలికి దగ్గరయ్యేలా పేర్చి ఉంటుంది, అది మాత్రం వదలకండి. జనం కూడా తక్కువ.

గీజాలో ఎండ ఎక్కకముందే వెళ్లండి. పక్కనే గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం ఉంది. ఖుఫు పడవని 2021లో అక్కడికే మార్చారు. 43 మీటర్ల దేవదారు పడవ, చెక్కల్ని తాళ్లతో కుట్టారు. ఏటిగట్టు గారి పోస్టు చదివాక దాన్ని చూడకుండా రావడం అన్యాయం. ఒంటె ఎక్కితే ఎక్కేటప్పుడే కాదు, దిగడానికి కూడా ఎంత డబ్బో ముందే తేల్చుకోండి. పైన కూర్చోబెట్టాక రేటు మారుతుంది.

నల్లరాయి | మంగళవారం ఉదయం 5:40

రావుగారూ, అస్వాన్ దాకా వెళ్లే వీలుంటే ఆ ఒబెలిస్కు కందకం గుంటలు దగ్గర్నుంచి ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. పక్కన ఒక పెన్నో చెయ్యో పెట్టి తీయండి, సైజు తెలియాలి.